కోరంగి కాలువకి ఐరిస్ రాదు

మా అన్నయ్య కొడుకు అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర ఉంటాడు. మొన్న వేసవిలో ఫోను చేసి, "బాబాయ్, ఇక్కడ కొండ ఎక్కుతుంటే గడ్డిలో ఊదారంగు పూలు కనిపించాయి. ఫోనుకి చూపిస్తే ఐరిస్ అంటోంది. ఐరిస్‌ల మీద మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పు, కొనుక్కుంటాను" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నలభై ఏళ్ల కిందట సరిగ్గా ఈ ఐరిస్ దగ్గరే నేను బోర్లా పడ్డాను.

నేను బోటనీ చదివినవాణ్ణి కాను. ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇనస్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసు చాలా వరకు గోదావరి తూర్పు డెల్టాలోనే, కోరంగి కాలువ గట్ల మీదే గడిచిపోయింది. ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీయించడం, గట్ల మీద పెరిగిన మొక్కలు కొట్టించడం నా పని. మా కాగితాల్లో దాని పేరు జంగిల్ క్లియరెన్స్. ఇన్ని చదరపు మీటర్లు కొట్టించాం అని ఎం.బుక్కులో రాస్తే బిల్లు అయిపోతుంది. కొట్టించింది ఏ మొక్క అనే గడి ఆ పుస్తకంలో లేదు. కాలువ మీద పనిచేసే లస్కర్లకి మాత్రం ప్రతి మొక్క పేరూ తెలుసు. వాళ్లు చెబుతుంటే నేను చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. అదొక పిచ్చి.

ఒకరోజు ద్రాక్షారామం దాటాక గట్టు దిగువన బురదలో ఒక మొక్క పూసి ఉంది. పొడుగాటి కత్తుల్లాంటి ఆకులు, మధ్యలోంచి నిటారుగా ఒక కాడ, దాని కొసన తెల్లటి పూల గుత్తి. మా ఇంట్లో ఎరువుల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు మీద కాశ్మీరు బొమ్మ ఉండేది. అందులోనూ ఇలాంటి కత్తుల ఆకుల మధ్య పూలు. కింద ఐరిస్ అని రాసి ఉంది. ఇంకేం, నోటుపుస్తకంలో ఐరిస్ అని రాసేసుకున్నాను. నా దురదృష్టం కొద్దీ ఆ వారమే ఒక కాలేజీ లెక్చరరు గారు పిల్లల్ని వెంటబెట్టుకుని మొక్కలు ఏరడానికి అటు వచ్చారు. నేనే ముందుకెళ్లి, "ఇది ఐరిస్ అండి మాస్టారూ" అన్నాను.

ఆయన నవ్వలేదు. "కేసరాలు లెక్కపెట్టారా?" అని అడిగారు.

పువ్వు తెంపి నా అరచేతిలో పెట్టారు. ఆరు సన్నటి తెల్ల రేకులు, రేకులంత పొడుగున ఎర్రటి కేసరాలు. లెక్కపెడితే ఆరు. "ఐరిస్‌కి మూడే ఉంటాయి. అవి కూడా పైకి కనబడవు, రేకులాంటి కీలం కింద దాక్కుంటాయి" అన్నారు. తర్వాత జేబులోంచి బ్లేడు తీసి పూగొట్టం పొడవునా చీల్చారు. గొట్టం కింద, కాడకి ఆనుకుని, ఆకుపచ్చగా ఉబ్బిన చోటు చూపించారు. అది అండాశయం. రేకులు దాని పైనుంచి మొదలవుతున్నాయి. "రేకుల కింద అండాశయం, ఆరు కేసరాలు అయితే ఇది కేసరిచెట్టు కుటుంబం. రేకుల కింద అండాశయం, మూడు కేసరాలు అయితే ఐరిస్ కుటుంబం. కేసరాలు ఆరుండి, అండాశయం రేకుల లోపల కూర్చుంటే అసలు లిల్లీ." మూడు ముక్కల్లో మూడు కుటుంబాలు తేల్చేశారు. ఆకు చూసి పేరు పెట్టేవాడికీ పువ్వు కోసి పేరు పెట్టేవాడికీ తేడా ఏమిటో నాకు ఆ గట్టు మీద తెలిసింది.

వెళ్తూ వెళ్తూ, "పేరు నేను చెబితే మీకు ఒక మొక్కే తెలుస్తుంది. పుస్తకం చూడ్డం నేర్చుకుంటే కాలువంతా తెలుస్తుంది. ఆదివారం కాలేజీకి రండి" అన్నారు. వెళ్లాను. మూడు లావుపాటి సంపుటాలు బల్ల మీద పెట్టారు. గాంబుల్ గారి మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా. తెరిస్తే ఒక్క బొమ్మ లేదు! బొమ్మల్లేని మొక్కల పుస్తకం ఎవడికి కావాలి అనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, కొనదలిస్తే అలాంటిదే కొనండి.

కారణం చెబుతాను. ఇలాంటి పుస్తకంలో బొమ్మల బదులు జంట వాక్యాల వరస ఉంటుంది. దాన్ని కీ అంటారు. నాకది పరిచయమైన వ్యవహారమే. ధవళేశ్వరం దగ్గర ప్రధాన కాలువలో దిగిన నీరు లాకు దగ్గర ఒక పక్కకి మళ్లుతుంది, ఆ కాలువ నుంచి చానలుకి, చానలు నుంచి తూము దాటి పంట బోదెకి, బోదె నుంచి ఫలానా రైతు చేలోకి. ప్రతి చోటా ఒక తలుపు ఎత్తితే రెండోది దించాలి. కీ కూడా అంతే. అండాశయం రేకుల పైనా కిందా? కింద అయితే ఇటు. కేసరాలు మూడా ఆరా? ఆరు అయితే ఇటు. రేకుల మధ్య గిన్నెలాంటి పొర ఉందా లేదా? లేకపోతే ఇటు. ఇలా నాలుగైదు తూములు దాటేసరికి మొక్క దొరుకుతుంది. ఎక్కడైనా తప్పు తలుపు ఎత్తామా, నీరు పక్కవాడి చేలోకి పోతుంది. కానీ ఎక్కడ తప్పామో వెనక్కి నడిచి చూసుకోవచ్చు. ఫోను చెప్పే పేరుకి ఆ వెసులుబాటు లేదు. ఈమధ్య సరదాగా అదే కేసరిచెట్టుని ఫోనుకి చూపిస్తే స్పైడర్ లిల్లీ అంది. ఎందుకన్నదో అడుగుదామంటే దానికి నోరు లేదు.

మా వాడికి నేను చెప్పిన సమాధానం ఇక్కడ రాయాలి. ఐరిస్‌ల మీద పేరున్న పుస్తకాలు లేకపోలేదు. 1913లో కేంబ్రిడ్జి నుంచి డైక్స్ గారి 'ది జీనస్ ఐరిస్' వచ్చింది, రంగు బొమ్మలతో పెద్ద పుస్తకం. 1981లో బ్రయాన్ మాథ్యూ 'ది ఐరిస్' రాశారు. 1997లో బ్రిటిష్ ఐరిస్ సొసైటీ అడవి ఐరిస్ జాతులన్నింటికీ ఒక మార్గదర్శి వేసింది. ఈ మూడూ ప్రపంచం మొత్తానికి రాసినవి. ఐరిస్ జాతులు మూడు వందలకి దగ్గరగా ఉన్నాయి, అన్నీ భూమధ్యరేఖకి ఉత్తరానివే. పోర్ట్‌లాండ్ కొండ మీద పూసిన పువ్వుని పట్టుకుని వీటిలో వెతకడమంటే గోదావరి మొత్తంలో మీ చేలోకి వచ్చే నీటిని వెతకడమే. అందుకని, "ముందు మీ ఊరి పుస్తకం కొను, పువ్వు పుస్తకం తర్వాత కొందువుగాని" అన్నాను. వాళ్ల ప్రాంతానికి హిచ్‌కాక్, క్రాంక్విస్ట్ అనే ఇద్దరు రాసిన పసిఫిక్ వాయవ్య ప్రాంతపు ఫ్లోరా ఉంది, మొదట 1973లో, సవరించి 2018లో వచ్చింది. అక్కడి ఐరిస్‌లని విడదీయడానికి పూగొట్టం పొడవు చూడాలి. ఐరిస్ టెనాక్స్ అనే దానికి గొట్టం పొట్టి, దాని చుట్టానికి బాగా పొడుగు. ఆ గొట్టం తొడిమ దగ్గరి ఆకు దొప్పల్లో దాగి ఉంటుంది. మా వాడు పంపిన పన్నెండు ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ అది కనబడలేదు. అన్నీ పైనుంచి, అందంగా తీసినవే.

మన సంగతికొద్దాం. గోదావరి డెల్టాలో అడవి ఐరిస్ లేదు. దానికి చలి కావాలి. మన దేశంలో చూడాలంటే హిమాలయాలకి పోవాలి. కాశ్మీరులో సమాధుల మీద నాటే ఊదా, తెల్ల పూలు అవే. మనకి దాని పోలిక ఆకులో మాత్రం ఉంది, వస ఆకులో. పిల్లలకి మాటలు రావాలని నాలిక్కి రాసే వస కొమ్ము అందరికీ తెలిసిందే కదా, దాని ఆకు అచ్చం ఐరిస్ ఆకులాగే కత్తిలా ఉంటుంది. యూరపు చెరువుల్లో పూసే పసుపు ఐరిస్‌కి, మొక్కలకి శాస్త్రీయ నామాల పద్ధతి పెట్టిన లిన్నేయస్ ఇచ్చిన పేరు ఐరిస్ సూడాకోరస్, అంటే దొంగ వస. ఆకు చూసి మోసపోయినవాణ్ణి నేనొక్కణ్ణే కాదని ఆ పేరు చూసినప్పుడల్లా ధైర్యంగా ఉంటుంది. అసలు లిన్నేయస్ గారే ఒక ఐరిస్ విషయంలో తడబడ్డారు. తోటల్లో పెంచే నారింజరంగు చుక్కల పువ్వు ఒకటుంది. దాన్ని ఆయన 1753లో ఆర్కిడ్‌ల గుంపులో వేశారు. తర్వాత చాలాకాలం బెలంకాండా అని పిలిచారు. 2005లో దాన్ని ఐరిస్‌లలో కలిపి ఐరిస్ డొమెస్టికా అన్నారు. రెండున్నర శతాబ్దాలు పట్టింది సొంత ఇంటికి చేరడానికి.

డెల్టా మొక్కలకి పుస్తకాలు వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన ఆశ్చర్యం ఏమిటంటే, ఈ చదువు మొదలైందే మన గుమ్మంలో. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో ప్రాణం విడిచింది కాకినాడ జగన్నాథపురంలో. ఆఖరి రోజుల్లో వైద్యం చేసింది సామర్లకోటలో ఉన్న స్కాట్లండు డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. ఆయన కుంఫిణీవారి సర్జను. 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ అక్కడ తోట వేశాడు. మిరియం, నీలిమందు, కాఫీ, పట్టుపురుగులు, ఏది పండితే కుంఫిణీకి లాభమో అదల్లా వేసి చూశాడు. పక్కనే కనిపించిన మొక్కనల్లా స్థానిక చిత్రకారుల చేత గీయించాడు. 1787 తుఫానుకి సముద్రం మీదపడ్డప్పుడు ఇంజరంలో ఆయన పుస్తకాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు అన్నీ కొట్టుకుపోయాయి. ఇంజరం మా సెక్షను పక్కనే. ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు సైకిలు తొక్కానో లెక్కలేదు, ఈ కథ మాత్రం రిటైరయ్యాక తెలిసింది.

పోయినదాన్ని మళ్లీ కూడబెట్టాడు. దానిలోంచి వచ్చిందే 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్', బోటనిస్టు జోసెఫ్ బ్యాంక్స్ పూనికతో లండనులో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలు, మూడు వందల బొమ్మలు. మూడోది పూర్తయ్యేసరికి రాక్స్‌బర్గ్ లేడు, 1815లో ఎడింబరోలో పోయాడు. ఆ బొమ్మలు చూసి తీరాలి. వేరు, దుంప, కాయ, గింజ, చీల్చిన పువ్వు అన్నీ ఒకే పుటలో ఉంటాయి. లెక్చరరు గారు బ్లేడుతో నాకు చూపించింది ఆ పుటల్లో ఎవరో రెండు వందల ఏళ్ల కిందటే చూపించారు. ఆ గీసినవాళ్ల పేర్లు మాత్రం పుస్తకంలో కనబడవు. ఆ సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రాక్స్‌బర్గ్‌ని నేను వదలకపోవడానికి ఇంకో కారణం తెలుగు పేర్లు. మొక్కకి లాటిను పేరు పెట్టి ఊరుకోలేదు, తెలింగాలు దీన్ని ఏమంటారు అని అడిగి రాసుకున్నాడు. రాజమహేంద్రవరం సర్కారు కొండల్లో పెరిగే సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనికొస్తుందని రాశాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ చెట్టు జాతికి సోయ్‌మిడా అనే పేరు ఖాయం చేశారు. ఈవేళ ప్రపంచంలో ఏ దేశం బోటనీవాడు ఆ చెట్టుని పిలిచినా తెలుగులోనే పిలుస్తున్నాడన్నమాట, వాడికి తెలియకపోయినా.

తెలుగు పేరు చేతిలో ఉండి మొక్క ఏదో తెలియనివాళ్లకి ఇంకో పుస్తకం ఉంది. వాల్టర్ ఎలియట్ గారి 'ఫ్లోరా ఆంధ్రికా', మద్రాసులో 1859లో అచ్చయింది. ఎలియట్ బోటనీ వృత్తివాడు కాదు, ఉత్తర సర్కారులకి కమిషనరుగా చేసిన అధికారి. ఆ హయాంలోనే ఈ పేర్లు పోగుచేశాడు. తెలుగు పేర్ల వరసలో మొక్కలు, పక్కన శాస్త్రీయ నామాలు. లస్కర్ల దగ్గర రాసుకున్న నా నోటుపుస్తకం ఇదే పుస్తకానికి చిల్లర నాణెం అని అనిపించి చాలా సంతోషపడ్డాను. ఒక్క హెచ్చరిక. పేరు ఒక్కటే నమ్ముకుని ముందుకి పోవద్దు. చెంగలువ అంటే కొందరికి ఎర్ర కలువ. చెంగల్వ కోష్టు అంటే గట్ల మీద మెలికలు తిరుగుతూ పెరిగే వేరే మొక్క. ఒకే పేరు మండపేటలో ఒక మొక్కకి, నరసాపురంలో ఇంకో మొక్కకి ఉన్నా ఆశ్చర్యపడక్కర్లేదు. ఎలియట్ చెప్పిన శాస్త్రీయ నామం పట్టుకుని గాంబుల్ దగ్గరకి పోయి, పువ్వు కోసి సరిచూసుకోవాలి.

గాంబుల్ గారు ఫారెస్టు అధికారి. 1915లో మొదలుపెట్టి విడతలు విడతలుగా అచ్చువేస్తూ 1925లో పోయారు. మిగతాది మరో ఫారెస్టు అధికారి ఫిషర్ 1936కి పూర్తిచేశారు. 1957లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియావాళ్లు మూడు సంపుటాలుగా మళ్లీ వేశారు. గమనించారా, ఒకాయన డాక్టరు, ఒకాయన కమిషనరు, ఇద్దరు ఫారెస్టువాళ్లు. బోటనీ డిగ్రీ లేదని నేను చిన్నబుచ్చుకోవడం అక్కడితో మానేశాను.

గాంబుల్‌కి ఉన్న లోటు కాలం. వయ్యారిభామ అందులో వెతికితే దొరకదు. ఆ కలుపు మన దేశంలో కంటబడిందే 1950ల్లో. పేర్లు కూడా మారిపోయాయి. మా కేసరిచెట్టు పాత పుస్తకాల్లో క్రైనమ్ డెఫిక్సమ్, ఇప్పుడు క్రైనమ్ వివిపారమ్. రెండో పేరుకి అర్థం పిల్లల్ని కనేది అని. దాని గింజలు పల్చటి తోలు కూడా లేకుండా ఉల్లిపాయ ముక్కల్లా ఉంటాయి, బురదలో పడ్డవి పడ్డట్టే మొలకెత్తేస్తాయి. చూసినవాడికి ఆ పేరు మరచిపోవడం కుదరదు. ఈ కొత్త పేర్లకి అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు పుల్లయ్య గారు, ఆయన సహచరులు 1997 నుంచి తెచ్చిన 'ఫ్లోరా ఆఫ్ ఆంధ్రప్రదేశ్' సంపుటాలు చూడాలి.

ఇన్ని చెప్పాను గానీ, కాలువ గట్టు మీదకి ఒక్క పుస్తకమే తీసుకెళ్లు అంటే నేను కుక్ గారిది సంచిలో వేసుకుంటాను. 'ఆక్వాటిక్ అండ్ వెట్‌ల్యాండ్ ప్లాంట్స్ ఆఫ్ ఇండియా', 1996. నీటి మొక్కలు, చిత్తడి మొక్కలు మాత్రమే, దేశం మొత్తానివి, కీతో పాటు గీతల బొమ్మలు కూడా. తూటికూర, జమ్ము, గుర్రపుడెక్క, వరి చేలో నీలిపూలు పూసే కలుపు, కలువ, నాచుల్లో రకాలు, డెల్టాలో కాలికి తగిలేవి చాలామటుకు అందులో ఉంటాయి. నాచు అని మనం ఒక్క మాటతో తీసిపారేసేది నిజానికి ఎన్ని కుటుంబాలో ఆ పుస్తకం చూశాకే అర్థమైంది. పూడిక తీయించిన ముప్ఫై ఏళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ పుస్తకాలు ఎక్కడ చూడాలి అంటారేమో. రాక్స్‌బర్గ్, గాంబుల్ లాంటి హక్కుల కాలం దాటిన పాత పుస్తకాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో పుట పుటా స్కాను చేసి పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. కంటికి శ్రమ అనుకునేవాళ్లు బోటనీ ఉన్న పాత డిగ్రీ కాలేజీల లైబ్రరీల్లో అడగండి. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. దాని పుట్టుకతో ముడిపడ్డ వడ్డాది సుబ్బారాయుడు, నాళం కృష్ణారావు గార్ల పేర్లు తలుచుకుంటూ లోపలికి వెళ్లి, పాత తెలుగు వైద్య గ్రంథాలు, నిఘంటువులు అక్కడ తిరగేయవచ్చు. బ్రౌణ్య నిఘంటువు కూడా తిరగేయండి. బ్రౌను దొర చెట్ల పేర్లకి శాస్త్రీయ నామాలు ఇచ్చాడు, అందులో రాక్స్‌బర్గ్ ఉప్పు చాలా ఉంది.

కొనేముందు నేను చూసుకునేది ఒక్కటే. షాపులో పుస్తకం తెరిచి, నాకు బాగా తెలిసిన మామూలు మొక్కని వెతుకుతాను. నా వరకు అది నీరుగొబ్బి. దాని కింద ఎక్కడ పెరుగుతుంది, ఎప్పుడు పూస్తుంది, దాని చుట్టాలకీ దానికీ తేడా ఏమిటి అని రాసి ఉంటే జేబులో చెయ్యి పెడతాను. "అందమైన నీలి పువ్వు, ఔషధ గుణాలు కలది" అని ఊరుకుంటే అక్కడే పెట్టేస్తాను. ఈ పరీక్ష నేర్చుకోవడానికి నాకు ఒక నెల పెన్షనులో సగం ఖర్చయింది. నున్నటి కాగితం, నిలువెత్తు రంగు ఫొటోలు, భారతదేశపు అడవి పూలు అని అట్ట మీద బంగారు అక్షరాలు. ఇంటికి తెచ్చి చూస్తే సగం పూలు కడియం నర్సరీల్లో కుండీల్లో అమ్మేవే, మిగతా సగానికి ఎక్కడ తీశారో ఊరి పేరు లేదు. మా ఆవిడ దాన్ని ఇప్పుడు కుట్టుమిషను కింద ఎత్తుకి పెట్టుకుంది.

మా వాడు పోర్ట్‌లాండ్ నుంచి మళ్లీ ఫోను చేశాడు. ఈసారి పువ్వు నిలువునా చీల్చి, పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపాడు. గొట్టం సెంటీమీటరు కూడా లేదు. టెనాక్సే.

నా బల్ల మీద గాంబుల్ ఒకటో సంపుటం, మూడో సంపుటం ఉన్నాయి. రెండూ పాత పుస్తకాలు అమ్మేవాళ్ల దగ్గర వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఏళ్లలో దొరికాయి. కలువ మొదటిదాంట్లో, కేసరిచెట్టు, జమ్ము, గడ్డిజాతులన్నీ మూడోదాంట్లో వచ్చేస్తాయి. కోరంగి మడ అడవిలో పెరిగే మడ, కంట్లో పాలు పడితే చూపు పోతుందని జాలర్లు భయపడే తిల్ల, ఇవి రెండోదాంట్లో. అది నా దగ్గర లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా బోటనీ చెప్పిన మేష్టారో, ఫారెస్టులో చేసినవారో అయితే, పాత కాగితాలవాడికి తూకం వేసేముందు ఒక్కసారి అట్టలు తిప్పి చూడండి. 1957 నాటి గాంబుల్ రెండో సంపుటం కనబడితే నాకు ఒక ఉత్తరం రాయండి.